కౌలు మోటారు కారు – వ్యాపారపు ఖర్చు

(మన సంఘ వార్షిక మహాసభలో, విజయవాడయందు చేయబడిన ఉపన్యాసము)



ఈ మహాసభలో విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతి గృహమును గూర్చియు, వివాహములందలి దుబారాను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. అట్టి గంభీర విషయముల నడుమ ఆదాయపు పన్నును గూర్చియు, అందును లీజుకు తెచ్చిన మోటారు కారును గూర్చియు మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ సంవత్సరమున మన సంఘీయులు మమ్ము కలిసినపుడెల్ల అడిగిన ప్రశ్న యిదియే: "అయ్యా, కారు కొనుట మేలా, లీజుకు తీసికొనుట మేలా? లీజుకు తీసికొన్నచో నెలనెలా కట్టు సొమ్మంతయు పన్నులో తగ్గునందురు, నిజమేనా?" పదిమంది అడిగిన ప్రశ్నకు పదిమంది యెదుటనే సమాధానము చెప్పుట న్యాయమని తలచి, మాకు తెలిసినంత మేరకు విన్నవించుకొనుచున్నాము. మేము న్యాయవాదులము కాము. జమాఖర్చులు వ్రాసికొనుచు బ్రతికిన వర్తకులము. వ్రాయవలసినచోట వ్రాయక దెబ్బతిన్న వర్తకులము కూడ. ఆ సంగతి తరువాత చెప్పెదము.

మన బెజవాడ రహదారుల కూడలి. చెన్నపట్టణపు దారియు, కలకత్తా దారియు, హైదరాబాదు దారియు, బందరు దారియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. వన్‌టౌనులో దుకాణము, గుడివాడలో ధాన్యపు బేరము, కైకలూరులో చేపల చెరువు, ఆటోనగరులో లారీల మరమ్మతు, ఇట్లు నాలుగు చోట్ల పనులుగల గృహస్థులు మనలో పెక్కుమంది కలరు. వారికి కారు విలాసము కాదు, పనిముట్టు. నాగలి లేక సేద్యము సాగనట్లే కారు లేక వారి వ్యవహారము సాగదు. ఈ యవసరమును కనిపెట్టియే లీజు సంస్థల ఏజంట్లు వచ్చి, "కారు మీది, ఖర్చు సర్కారుది" అని తీయగా చెప్పుచున్నారు. ఆ మాటలో కొంత నిజము కలదు, కొంత అబద్ధము కలదు. ఎంత నిజమో, ఎంత అబద్ధమో విడదీయుటయే నేటి మా ప్రయత్నము.

ముందుగా నొక మాట. మేము చెప్పబోవు సెక్షనుల అంకెలు 1961వ సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టములోనివి. దానికి మారుగా 2025వ సంవత్సరమున నూతన చట్టము చేయబడి, 2026 ఏప్రిల్ 1వ తేదీ మొదలుకొని అమలునకు నిర్ణయింపబడినది. నూతన చట్టములో అంకెలు మారినవి, వాక్యములు కొంత సులువైనవి. కాని ఈ విషయమున మూలసూత్రము మారలేదు. 2026 మార్చి 31 వరకుగల సంవత్సరముల లెక్కలకు పాతచట్టమే ప్రమాణము.

ఆ మూలసూత్రమేది? 1922వ సంవత్సరపు చట్టమున 10వ సెక్షనులో నుండినదే 1961 చట్టమున 37వ సెక్షనులోనికి వచ్చినది. ఒక ఖర్చు వ్యాపారపు లాభమునుండి తీసివేయబడవలెనన్న అది మూలధనపు ఖర్చు కాకూడదు; స్వంత ఖర్చు కాకూడదు; పూర్తిగాను, కేవలముగాను వ్యాపారము నిమిత్తమే చేయబడియుండవలెను. ఈ మూడు మాటలను కంఠస్థము చేసికొన్నవానికి మేము చెప్పబోవునదంతయు సగము తెలిసినట్లే.

ఇప్పుడు లీజనగా నేమో చూతము. కృష్ణా డెల్టావారికి దీనిని వేరుగా బోధింపనక్కరలేదు. 1855లో ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన నాటినుండి ఈ నేలలో కౌలు ఎరుగని గ్రామము లేదు. భూమి ఆసామిది; సాగు కౌలుదారునిది. కౌలుదారుడు కట్టిన కౌలు అతని సేద్యపు ఖర్చు. పొలము మాత్రము ఏనాటికిని అతని ఆస్తి కాదు. గడువు తీరినంతనే గట్టు దాటి వెలుపలికి రావలసినదే. మోటారు కారు లీజును అట్టిదే. కారు లీజు సంస్థ ఆస్తి, వాడుక మనది, నెలనెలా కట్టునది కౌలు. అది మూలధనపు ఖర్చు కాదు గనుక, వ్యాపారమునకై వాడినంత మేరకు లాభములో తగ్గింపదగినదే. ఏజంటు చెప్పిన మాటలో నిజమింతవరకే.

యజమాని యెవరను వివాదము మన సుప్రీముకోర్టువరకును పోయినది. బండ్లను లీజుకిచ్చు ఐ.సి.డి.ఎస్. అను సంస్థ, ఆ బండ్లపై తరుగుదల తమకే చెందవలెనని వాదించెను. బండ్లు లీజుకు పుచ్చుకొన్నవారి పేర రిజిస్టరైనవి గనుక యజమానులు వారేయని పన్నుశాఖవారు ప్రతివాదించిరి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున, లీజు ఒప్పందముక్రింద బండి స్వాధీనమునందున్నవానినే యజమానిగా ఎంచవలెనని యున్న మాట వాస్తవమే. అయినను ఆ మాట ఆ చట్టపు ప్రయోజనమునకే యనియు, ఆదాయపు పన్ను విషయమున లీజుకిచ్చిన సంస్థయే యజమాని యనియు, తరుగుదల ఆ సంస్థకే చెందుననియు 2013 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. దీనివలన మనము నేర్వవలసినది యేమనగా, నిజమైన లీజులో తరుగుదల సంస్థది, కౌలు మినహాయింపు మనది. ఒకే కారుమీద రెంటిని మనమే వ్రాసికొనుట కూడదు. అట్లు వ్రాసిన చిట్టాలను మేము చూచియున్నాము గనుక చెప్పుచున్నాము.

ఇందు మరియొక మెలిక కలదు. కాగితముపై లీజని యుండి, గడువు తీరినపిదప కారు మనకే చెందునని షరతుగాని, నామమాత్రపు ధరకు కొనుక్కొను హక్కుగాని యున్నచో అది కౌలు కాదు, వాయిదాలపై కొనుగోలు. ఈ భేదము క్రొత్తది కాదు. 1943 మార్చిలోనే పన్నుశాఖవారు ఒక సర్క్యులరులో దీనిని విశదీకరించిరి. అట్టి ఒప్పందములలో కట్టు వాయిదాను రెండుగా విడదీయవలెను: అద్దెకు చెందిన భాగము ఖర్చు; కొనుగోలు ధరకు చెందిన భాగము మూలధనము. కారు విలువపై తరుగుదల పుచ్చుకొన్నవానికే దక్కును. కాబట్టి సంతకము చేయుటకు ముందు ఒప్పందపు చివరి పుటను చదువుడు. మొదటి పుటలో కారు బొమ్మ యుండును. చివరి పుటలో కారు ఎవరిదో యుండును.

ఇక లెక్కకు వత్తము. ఒక భాగస్వామ్య సంస్థ 12 లక్షల విలువగల కారును నెలకు 30,000 రూపాయలకు, 48 నెలల గడువునకు లీజుకు తీసికొన్నదనుకొందము. ఇవి సులభముగా బోధపడుటకై మేము కల్పించుకొన్న అంకెలు. సంవత్సరమునకు కౌలు 3,60,000. సంస్థకు పన్ను నూటికి 30; సెస్సును ప్రస్తుతము విడిచెదము. కారు పూర్తిగా వ్యాపారమునకే తిరిగినచో పన్నులో తగ్గునది 1,08,000. ఏజంటు చూపునది ఈ అంకెను. అతడు చూపనిది మిగిలిన 2,52,000 అంకెను. అది మన సంచిలోనుండియే పోవుచున్నది. సర్కారు భరించునది మూడవ వంతు కూడ కాదు. కారు అవసరము లేనివాడు పన్ను తగ్గింపుకొరకు లీజు తీసికొనుట, కొబ్బరికాయలో పావు చెక్క తిరిగి వచ్చునని నాలుగు కాయలు కొట్టుట వంటిది.

అదే కారును కొన్నచో నేమగును? తరుగుదల నూటికి 15 వంతున, ఆ సంవత్సరమున 180 దినములకు తక్కువ కాకుండ వాడినయెడల 1,80,000. అంతకు తక్కువైనచో అందులో సగము. రెండవ సంవత్సరమున మిగిలిన 10,20,000 పైని 1,53,000. అప్పుచేసి కొన్నచో వ్యాపారపు మేరకు వడ్డీయు, స్వంతముగా పెట్టుకొన్న భీమా మరమ్మతుల ఖర్చులును అదనముగా తగ్గింపబడును. లీజులో తొలి సంవత్సరముల మినహాయింపు పెద్దదిగా కనబడుట నిజమే. కాని నాలుగేండ్లలో 14,40,000 కట్టినపిదప లీజుకారు వెనుకకు పోవును. కొన్న కారు మన వాకిటనే యుండును. లీజులో కొన్ని సంస్థలు భీమా మరమ్మతులు తామే చూచుకొనును. నాలుగేండ్లకొకసారి పాతబండిని అమ్ముకొను బాధ తప్పును. బ్యాంకు అప్పు సరకు నిలువలకు మిగులును. ఎవరి యవసరమునుబట్టి వారు నిర్ణయించుకొనవలెను. పన్ను ఒక్కటే తక్కెడలోని రాయి కారాదు.

ఇదివరకు కారు పూర్తిగా వ్యాపారమునకే తిరిగినదని అనుకొంటిమి. సభ్యులారా, మనలో అట్టి కారు ఎవరికున్నది? ఉదయము మార్కెట్టుకు పోయిన కారే సాయంకాలము పిల్లలను ట్యూషనుకు తీసికొనిపోవును. గుడివాడ ధాన్యమునకు పోయిన కారే మరునాడు శుభలేఖలు పంచుటకు పోవును. తిరుమల యాత్రకు, పుష్కరములకు, పెండ్లి చూపులకు వేరుగా కారును తెచ్చుకొనువారు అరుదు. ఇట్టి స్వంత వాడుకకు చెందిన కౌలు వ్యాపారపు ఖర్చు కాదు. సంవత్సరమున 24,000 కిలోమీటర్లు తిరిగి, అందు 16,000 వ్యాపారమునకైనచో, కౌలులో మూడింట రెండు వంతులు, అనగా 2,40,000 మాత్రమే తగ్గింపవలెను. పన్నులో మిగులునది 72,000. కంపెనీల విషయమున కొంత భేదము కలదు. కంపెనీకి స్వంత వాడుక యనునది లేదని గుజరాతు హైకోర్టు తీర్పు చెప్పినది. కాని అచ్చట డైరెక్టరు వాడుక అతని జీతములో సౌకర్యముగా లెక్కింపబడి పన్నునకు లోబడును. ఒక వాకిలి మూసినచో మరియొక వాకిట పన్ను నిలిచియే యుండునన్నమాట.

డెల్టావారికి ప్రత్యేకముగా చెప్పవలసినది మరియొకటి. పంట ఆదాయమునకు 10వ సెక్షనుక్రింద కేంద్రపు ఆదాయపు పన్ను లేదు. ఇతర ఆదాయముపై పన్నురేటు నిర్ణయించుటలో మాత్రమే అది లెక్కకు వచ్చును. పన్ను లేని ఆదాయముకొరకు చేసిన ఖర్చును పన్నుగల ఆదాయమునుండి తగ్గింపరాదని 14ఏ సెక్షను చెప్పుచున్నది. కావున అవనిగడ్డలోని వరిపొలము చూచుటకు పోయిన కారు ఖర్చును వన్‌టౌను దుకాణపు ఖాతాలో వ్రాయరాదు. కైకలూరులో చేపల చెరువు సంగతి వేరు. చేపల పెంపకపు ఆదాయము పంట ఆదాయముగా ఎంచబడదు, వ్యాపారపు ఆదాయముగానే ఎంచబడును. కావున ఆ చెరువుకు పోయివచ్చిన ఖర్చు ఆ వ్యాపారమున వ్రాయదగినదే. వరి, చేప రెండును నీటిలోనే పెరిగినను పన్నువారి పుస్తకములో వేరువేరు పుటలలో నుండును.

చిన్న వర్తకులలో పెక్కుమంది 44ఏడీ సెక్షనుక్రింద అంచనా లాభము చూపుకొనుచున్నారు. అమ్మకములు 2 కోట్లకు మించనివారు, రొక్కపు వసూళ్లు నూటికి 5 మించనిచో 3 కోట్ల వరకు, అమ్మకములపై నూటికి 8, బ్యాంకు మూలముగా వచ్చినదానిపై నూటికి 6 వంతున లాభము చూపి ఊరకుండవచ్చును. ఖర్చులన్నియు ఆ యంచనాలోనే ఇమిడియున్నట్లు చట్టము భావించును. అట్టివానికి లీజుకారువలన పన్నులో ఒక్క రూపాయియు తగ్గదు. పది లారీలకు మించని లారీ యజమానులు 44ఏఈ సెక్షనుక్రింద, సామాన్యపు లారీకి నెలకు 7,500 వంతున, 12 టన్నులు మించిన బరువు బండికి టన్నుకు నెలకు 1,000 వంతున ఆదాయము చూపుకొన్నచో వారికిని అంతే. కమీషను వ్యాపారులకు మాత్రము 44ఏడీ వర్తింపదు. వారు పుస్తకములు వ్రాసి ఖర్చులు చూపుకొనవలసినవారే. ఏజంటు మన యింటికి వచ్చినపుడు మనము ఏ సెక్షనుక్రింద రిటర్ను వేయుచున్నామో అడుగడు. మనమే అడుగుకొనవలెను.

మరి నాలుగు జాగ్రత్తలు క్లుప్తముగా చెప్పెదము.

మొదటిది, జి.ఎస్.టి. డ్రైవరుతో కలిపి పదమూడుమందికి మించని ప్రయాణపు బండ్ల లీజుపై చెల్లించిన జి.ఎస్.టి.ని సామాన్య వర్తకుడు జమ తీసికొనరాదు. 17వ సెక్షను అడ్డుచున్నది. ప్రయాణికులను చేరవేయుటయే వ్యాపారముగా గలవారికిని, డ్రైవింగు నేర్పువారికిని, అట్టి బండ్లనే తిరిగి లీజుకిచ్చువారికిని మాత్రమే సడలింపు కలదు. జమ రాని ఆ సొమ్ము కౌలుతోపాటు ఖర్చులో చేరును. స్వంత వాడుక వంతు అందును విడువవలసినదే.

రెండవది, టి.డి.ఎస్. కారు కౌలుపై నూటికి 2 వంతున పట్టి ఖజానాకు కట్టవలసినవారు కలరు. దీని హద్దు పూర్వము సంవత్సరమునకు 2,40,000. 2025 ఏప్రిల్ 1 నుండి నెలకు 50,000 అయినది. పట్టవలసియుండియు పట్టనిచో ఆ కౌలులో నూటికి 30 భాగము ఖర్చుగా ఒప్పుకొనబడదు.

మూడవది, రొక్కము. ఒకనికి ఒక దినమున 10,000 మించి రొక్కముగా ఇచ్చినచో ఆ ఖర్చు చెల్లదు. కౌలు బ్యాంకు మూలముగానే పోవలెను.

నాలుగవది, బంధుత్వము. తమ్ముని కారునో, ఇల్లాలి పేరనున్న కారునో సంస్థకు లీజుకు వ్రాయించి బజారు రేటుకు మించిన కౌలు కట్టువారున్నారు. 40ఏ సెక్షనుక్రింద ఆ మించిన భాగమును ఆఫీసరు త్రోసివేయవచ్చును. పుచ్చుకొన్న బంధువు మాత్రము మొత్తముపై పన్ను కట్టవలసినదే. ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును నష్టపడు మార్గమిది.

ఇక మా సంగతి. చెప్పుటకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పనిచో ఈ యుపన్యాసము పరోపదేశముగా మిగులును.

మా సంస్థలో మూడు సమభాగములు. మాది యొకటి, మా పినతండ్రి కుమారునిది యొకటి, కాలముచేసిన మా అన్నగారి భాగము మా వదినగారిది. సంస్థ పేర కారును లీజుకు తెచ్చితిమి. కారు మా వాకిటనే యుండెడిది. వాడుక పుస్తకము పెట్టలేదు. కౌలంతయు సంస్థ ఖర్చుగా వ్రాసితిమి. సంవత్సరాంతమున లెక్కలు చూచునాయన, "ఇది యంతయు వ్యాపారమేనా?" యని యడుగగా "అంతయు వ్యాపారమే" యని అలవాటుగా బదులు చెప్పితిమి. పిమ్మట పన్నుశాఖనుండి ప్రశ్న వచ్చినది. చూపుటకు మావద్ద నొక్క కాగితమును లేదు. కౌలులో మూడవ వంతు త్రోసివేయబడినది. తగ్గిన పన్నును వడ్డీతో కట్టితిమి. తప్పు మాది, ఎవరిని అనుటకును లేదు.

సొమ్ము కట్టినందులకు మేమంత బాధపడలేదు. ఆ కాగితములపై సంతకము పెట్టించుటకు వదినగారివద్దకు పోయినపుడు ఆమె నెమ్మదిగా నిట్లనెను: "మరిదిగారూ, కారు సంస్థదైనచో అందు నా వంతును కలదు గదా. మీరు తిరుమల పోయినపుడు నన్నొకమాట అడిగియుంటిరా?" మేము మారు పలుకలేకపోతిమి. ఆమె అడిగినది తిరుమలకు తనను తీసికొనిపోలేదని కాదు. తన వంతు సొమ్ముతో పోయివచ్చితిమని.

నాటి రాత్రి కూర్చుండి లెక్క వేసికొంటిమి. పైన చెప్పిన యంకెలతోనే ఆ లెక్కను మీకు చూపెదము. స్వంత వాడుకకు చెందిన 1,20,000 కౌలును సంస్థ ఖర్చుగా వ్రాసినచో, పన్నులో 36,000 తగ్గును. సర్కారు మోసపోయినది ఆ 36,000. మిగిలిన 84,000 ఎవరిది? అది భాగస్వాముల లాభములోనుండి పోయినది. మూడు భాగములలో మా వదినగారి వంతు 28,000. దస్త్రములో సంతకము తప్ప వ్యాపారమున వేరు పని లేని, మా మాటను నమ్మి కూర్చున్న ఒక స్త్రీ వంతునుండి ఆ సొమ్ము పోయినది. సర్కారు లెక్క అడుగగలదు, నోటీసు పంపగలదు. ఆమె ఏమి పంపగలదు? స్వంత ఖర్చును సంస్థ ఖాతాలో వ్రాయువాడు సర్కారును మోసగించుచున్నానని తలచును. అతడు ముందుగా మోసగించునది తనవారినే.

ఆ సంవత్సరపు స్వంత వాడుక కౌలును మా స్వంత ఖాతాకు మార్చి, వదినగారి వంతును ఆమెకు జమచేసితిమి. నాటినుండి మా కారులో ఒక చిన్న నోటుపుస్తకము ఉండును. దానిలో గీతలు ఆరు: తేది, బయలుదేరునపుడు మీటరు అంకె, తిరిగి వచ్చినపుడు మీటరు అంకె, పోయిన ఊరు, చేసిన పని, ఎక్కినవారు. డ్రైవరు వ్రాయును, మేము సంతకము చేయుదుము. పొలమునకు పోయిన దినమున "పొలము" అని, పెండ్లికి పోయిన దినమున "పెండ్లి" అని వ్రాయుదుము. గుడివాడలో ధాన్యపు బేరమునకై పోయి, దారిలో పెండ్లి భోజనము చేసివచ్చినచో అది వ్యాపారపు ప్రయాణమే; పెండ్లికి పోయి, అచ్చట ధాన్యపు వ్యాపారి కనబడగా ధర యడిగివచ్చినచో అది పెండ్లియే. ఏది లేకున్నను బయలుదేరియుందుమో అది అసలు పని. ఈ విషయమున మనస్సునకు మించిన ఆఫీసరు లేడు. సంవత్సరాంతమున కిలోమీటర్లు కూడి, వంతులు వేసి, స్వంత భాగమును మా ఖాతాలో వ్రాయుదుము.

ఈ పుస్తకమునకు సాక్షులు కూడ పుట్టినవి. 2021 ఫిబ్రవరినుండి జాతీయ రహదారులపై టోలు గేట్లవద్ద ఫాస్టాగు తప్పనిసరి యైనది. గుంటూరు దారిలో కాజవద్దను, హైదరాబాదు దారిలో కీసరవద్దను మన కారు ఏ తేదీన ఏ గంటకు దాటినదో ఆ ఖాతాలో నిలిచియుండును. నిజము వ్రాసినవానికి అది కొండంత అండ. అబద్ధము వ్రాసినవానికి అదియే ప్రతిసాక్షి. తిరుమల దారి టోలు చీటీలు ఖాతాలో నుండగా ఆ దినమున ఏలూరులో బాకీ వసూలు చేసితినని పుస్తకములో వ్రాసినవాని గతి యేమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

శిక్ష సంగతియు తెలిసికొనుట మంచిది. 270ఏ సెక్షను ప్రకారము ఆదాయమును తక్కువచేసి చూపినచో తగ్గిన పన్నులో నూటికి 50 అపరాధ రుసుము. తప్పుగా చూపినచో నూటికి 200. సాక్ష్యము లేని ఖర్చును వ్రాసికొనుట ఈ రెండవ కోవలో చేర్చబడినదని గమనింపుడు. మన యుదాహరణములో 36,000 పన్ను తగ్గించుకొన్నవానికి రుసుము 72,000 పడవచ్చును. న్యాయముగా అతనికి మిగులవలసినది కూడ సరిగా 72,000 మాత్రమే. అనగా ఒక వంతు దురాశ రెండు వంతుల న్యాయార్జితమును మ్రింగినది. ఎగగొట్టిన 36,000లును, దానిపై వడ్డీయు ఇంకను కట్టవలసియే యున్నవి.

సోదరులారా, మన పెద్దలు రసీదు లేకయే ఒకరి మాటపై నొకరు వేలకు వేలు పుచ్చుకొనిరి, ఇచ్చిరి. వారికి పుస్తకములు లేకపోలేదు. దీపావళినాడు చిట్టాకు పసుపు కుంకుమలు పెట్టి పూజించినది వారే. ఆ పూజకు అర్థమేమి? అందులో అబద్ధము వ్రాయమని దేవుని యెదుట చేసిన ప్రమాణము. కారు క్రొత్తది కావచ్చును, లీజు క్రొత్తది కావచ్చును. ఆ ప్రమాణము క్రొత్తది కాదు.

ఈ మహాసభవారికి మా విన్నపము రెండు విధములు. మన వసతి గృహమున వాణిజ్యశాస్త్రము చదువు బాలబాలికలు పెక్కుమంది కలరు. సంవత్సరమున కొన్ని ఆదివారములు వారిని సంఘ కార్యాలయమున కూర్చుండబెట్టి, మన చిన్న వర్తకులకు వాడుక పుస్తకము పెట్టుటయు, స్వంత ఖర్చును వేరుచేయుటయు చూపింపుడు. వర్తకునికి మేలు, బాలురకు అభ్యాసము. రెండవది, మన యిండ్లలో భాగస్థులైన స్త్రీలకు, వృద్ధులకు సంవత్సరమున కొకసారి ఖాతా చదివి వినిపింపుడు. సంతకము పెట్టువారికి తాము దేనిపై సంతకము పెట్టుచున్నారో తెలిసికొను హక్కు కలదు. వారు ప్రశ్న అడిగినచో సంతోషింపుడు. నోటీసుకంటె వదినగారి ప్రశ్న ముందు వచ్చుట అదృష్టము. మాకది ఆలస్యముగా వచ్చినది.

కడపటి మాట. లీజుకారు మంచిదా, కాదా యని మమ్మడిగినవారికి మా సమాధానమిది: పనియున్నవానికి మంచిది, పుస్తకమున్నవానికి మరింత మంచిది. పన్నులో తగ్గింపు కారునకు కాదు, కారు చేసిన పనికి. పనియెంతయో మినహాయింపు అంతే. దానికి మించి వ్రాసిన ప్రతి రూపాయియు ఎవరి సంచిలోనుండియో తీసినదే.

 మన సంఘము అభివృద్ధి చెందుగాక! మన ఖాతాలు నిర్మలములై యుండుగాక!